నస్పూరు పంకానిరోధ పర్వము

ఏ శక్తి కంటికి కానరాక గోడల లోపల పరుగులిడునో, ఏది ఉన్నంతసేపు ఎవరును తలపక, పోయిన మరుక్షణమే ఎల్లరును ఎలుగెత్తి పిలిచెదరో, ఏది ఒక్క వ్రేలి ఒత్తిడికి లొంగియు తన త్రోవ తెలియని వారిని ఏండ్ల తరబడి ఏడిపింపగలదో, అట్టి కరెంటునకు ముందుగా చేతులెత్తి మ్రొక్కి, ఒకానొక మే నెలలో నస్పూరు పట్టణమున జరిగిన మహాసమరమును విన్నవించెదను. కూర్చున్నవారు కూర్చున్నచోటనే ఉండుడు. నిలుచున్నవారు దయచేసి స్విచ్చులను ఆనుకొనకుండుడు.

గోదావరికి ఈవల, మంచిర్యాలను తోబుట్టువువలె ఆనుకొని, భూగర్భమున దిగి దేశమునకు వెలుగు తవ్వి తెచ్చు బొగ్గుబాయి వీరులకు నివాసమై, నఖశిఖపర్యంతము ధూళిధూసరితమై వెలయు ఆ నస్పూరునందు, కంపెనీ క్వార్టర్ల నడుమ ఒక చిన్న మెథడిస్టు చర్చి కలదు. ఆనాడు అచ్చట పెండ్లి. సంఘ కార్యదర్శియు, ఆజానుబాహుడును, మైకు లేకున్నను మైకువలె మాట్లాడువాడును అగు ప్రేమ్‌సాగరునకు ఒక్కగానొక్క బిడ్డ ఏంజెల్. ఆమెను సుల్తానాబాదు వరిపొలముల వంశమున పుట్టిన జోయల్ చేపట్టు శుభదినము.

ప్రచండమార్తాండుడు బొగ్గుకుప్పల నల్లదనమును చూచి అలిగెనో, లేక పెండ్లికి పిలువలేదని కోపించెనో తెలియదు గాని, పదకొండు గంటలకే తన కిరణములన్నింటిని ఒక్కుమ్మడిగా ఆ చర్చి రేకులమీదనే గుమ్మరించెను. ఊరకుక్కలు మోరీలలో శయనించెను. పట్టుచీరల ధరించిన స్త్రీలును, అద్దెకోట్లు తొడిగిన పురుషులును, మెడకు టై బిగించుకొని ఊపిరికై వెదకుచున్న వరుని మిత్రులును లోపల క్రిక్కిరిసి ఉండిరి. వారందరి ప్రాణములును కప్పునుండి వ్రేలాడు పంకాల రెక్కలమీద ఆధారపడి గిరగిర తిరుగుచుండెను.

ఆ పంకాలకే కాదు, ఆ చర్చిలో వెలుగుటకును, మ్రోగుటకును, నీళ్లు పారించుటకును నేర్చిన సమస్త వస్తువులకును మూలస్థానము వేదిక వెనుకటి చిన్న గదిలోని స్విచ్‌బోర్డు. తలుపంత వెడల్పున గోడనాక్రమించిన ఆ బోర్డు పుట్టుకతో అంతటిది కాదు. మొదట దానికి నాలుగే స్విచ్చులు. పిదప ఒక కుటుంబమువారు తండ్రి పేర పంకా నిచ్చి, "మా బాపు పంకాకు మా స్విచ్ అలగ్ ఉండాలె" అనిరి. అది చూచి వారి వియ్యంకులు ఇంకొక పంకాను, ఇంకొక స్విచ్‌ను ఇచ్చిరి. క్రిస్మసు నక్షత్రము వచ్చెను, దానికొక స్విచ్. నీళ్ల మోటారు వచ్చెను, దానికి రెండు. ఇట్లు సంఘము యొక్క భక్తి పెరిగినకొలదియు బోర్డు పెరిగెను. కొన్నాళ్లకు ఒక స్విచ్ వేసినగాని ఇంకొక స్విచ్ పలుకని స్థితి వచ్చెను. నొక్కినచో ఏమియు జరుగని స్విచ్చులు కొన్ని ఏర్పడెను. ఏమియు జరుగలేదని తలచి ఇంటికి పోయినచో మరునాడు తెలియునవి మరికొన్ని.

ఈ మహారణ్యమునకు ఏకైక పాలకుడు అహరోను. బొగ్గుబాయిలో కరెంటు పని చేసి రిటైరైన వృద్ధవీరుడు. తెల్లని మీసము, చొక్కాజేబున టెస్టరు, కాళ్లకు రబ్బరు చెప్పులు. బోర్డుమీది ప్రతి తీగయు అతడు స్వహస్తములతో లాగినదే. అతడు తప్ప అన్యులు దానిని తాకుట సంఘమున ఎరుగరు. ఆరాధన జరుగునంతసేపు అతడు ఆ గదిలో బోర్డు ముందొక కుర్చీ వేసికొని, కోటగుమ్మమునందు కావలి కాయు సేనానివలె కూర్చుండును.

అట్టి బోర్డుమీద క్రిందటి నెల కమిటీ సమావేశమున ప్రేమ్‌సాగరుడు యుద్ధము ప్రకటించి ఉండెను.

"గా బోర్డును పీకి పారేద్దాం. గదేంది, బోర్డా, గందరగోళమా? కొత్తది పెట్టిస్త, రిమోటుతోని నడిచేది!"

దానికి అహరోను లేచి, టెస్టరును ఖడ్గమువలె పైకెత్తి, కమిటీ సభ్యులు టీ త్రాగుట మానునట్లు గర్జించెను.

"నా పీనుగ లేసినంకనే గా బోర్డు లేస్తది! వైరు వైరు నా చేత్తోని ఏసిన. నిచ్చెన మీదికెళ్లి పడి నడుము ఇరగ్గొట్టుకున్న. మీరెవల్రా పీకెటోళ్లు?"

ఆనాటినుండి వారిరువురికి మాటలు లేవు. పెండ్లిపత్రిక కూడ ప్రేమ్‌సాగరుడు పంపలేదు, అతని భార్య తెచ్చి ఇచ్చెను.

ఇక సమరకారణమును వినుడు. ప్రమాణములు ముగిసెను. ఉంగరములు మారెను. మిగిలినది మైనపువత్తి వెలిగించుట. వేదికకే బిగించియున్న పీఠముమీద మూడు వత్తులు నిలిపిరి. ఇరువైపుల వత్తులను గాజుచిమ్నీలలో తల్లులిద్దరు ముందే వెలిగించి ఉండిరి. నడుమ నున్న పెద్దవత్తిని వధూవరులు కలిసి వెలిగింపవలెను. దానికి చిమ్నీ లేదు. దానికి సరిగ్గా పైన మాత్రము ఒక పంకా కలదు.

జోయల్ అగ్గిపుల్ల గీసెను. ఆరిపోయెను. ఏంజెల్ తన మేలిముసుగు అడ్డుపెట్టెను. రెండవది ఆరిపోయెను, ముసుగు అంచున చిన్న కంత పడెను. వరుని మిత్రులు కోట్లు విప్పి వలయాకారమున వ్యూహము పన్నిరి. కాని శత్రువు నాలుగు దిక్కులనుండి గాక ఆకాశమునుండి దాడి చేయువాడు. మూడవది ఆరిపోయెను. అంత ఒక బుద్ధిశాలి గొడుగు తెచ్చి వధూవరుల శిరములపై పట్టెను. పంకా ఒక్క విసురున దానిని తలక్రిందులు చేయగా, అది గిన్నెవలె పైకి తెరచుకొని, ఏమి పడునా అని ఎదురుచూచుచు నిలిచెను.

సభలో గుసగుస పుట్టెను. దానిని పుట్టించినది ముందు వరుసలోని పోచవ్వ, వరుని అమ్మమ్మ. ఆమె తన ప్రక్కనున్నామె చెవిలో చెప్పినట్లే చెప్పెను గాని, ఆ ప్రక్కనున్నామెకు చెవుడు.

"వత్తి అంటుకుంటలేదు సూసినవా? నాకెందుకో మంచిగనిపిస్తలేదు."

ఆ మాట వరుసనుండి వరుసకు పోవుచు పెరిగి, వెనుక బల్లలకు చేరునప్పటికి ఒక కీడుగా రూపొందెను. అది ముందునకు తిరిగివచ్చి ఏంజెల్ చెవిని పడెను. ఆమె కన్నులు చెమ్మగిల్లెను. అగ్గిపెట్టెను గుప్పిట బిగించి, "డాడీ, ఇది వెలిగేదాంక నేను ఈడికెళ్లి కదల" అనెను.

"ఫికర్ జెయ్యకు బిడ్డా. గా పంకా ఒక్కటి బంద్ చేపిస్త, ఐపాయె" అని ప్రేమ్‌సాగరుడు, నెలదినములుగా తాను కాలు పెట్టని గదివైపు, అభిమానమును మ్రింగి అడుగు వేసెను.

అతని వెనుకనే ఇంకొక వ్యక్తి లేచెను. క్యాథరిన్. అహరోను కూతురి కూతురు, ఏంజెల్‌కు చిన్ననాటి చెలి. కరీంనగరమున ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసునందు, ఎవరో ఎప్పుడో వ్రాసి విడిచిపోయిన ప్రోగ్రాములలో తప్పెక్కడ దాగెనో వెదకుట ఆమె ఉద్యోగము. తాత ముఖము ఆమెకు బాగుగా తెలియును. పంకా మాట వినగానే తలుపు సందున ఆ ముఖము పాలిపోవుట ఆమె కంటబడెను.

"కాకా, వేదిక మీది పంకా బంద్ చెయ్యి" అనెను ప్రేమ్‌సాగరుడు, గోడను చూచుచు.

"గదెంత పని" అనెను అహరోను, బోర్డును చూచుచు.

అతడు లేచెను. మీసము సవరించెను. ఆ స్విచ్చుల సముద్రముపై హస్తమును నెమ్మదిగా త్రిప్పి, ఒకదానిని ఎన్నుకొని, మహాధీరుడై నొక్కెను.

మైకు మూగవోయెను. సభను ఓదార్చుచున్న పాస్టరు జేమ్స్ అయ్యగారి నోరు తెరచుచు మూయుచు ఉండెను గాని మాట వినబడదాయెను.

"ఇది కాదు" అనెను అహరోను. రెండవదానిని నొక్కెను. చర్చి శిఖరమున క్రిస్మసు నక్షత్రము, మే నెల పట్టపగటి ఎండలో, ఎఱ్ఱగా పచ్చగా మినుకుమినుకుమని వెలిగెను. మూడవది నొక్కెను. ఎక్కడనో నీళ్ల మోటారు హూంకరించెను. అప్పటికే నిండియున్న, వసారా మిద్దెమీది ట్యాంకు పొంగి, గుమ్మము ముందర సుల్తానాబాదు వారు బారులుగా విడిచిన క్రొత్తజోళ్లపై జలపాతమై దూకెను. నాలుగవది నొక్కగానే స్త్రీలవైపు పంకాలన్నియు ఒక్కసారిగా ఆగెను. అంతట ఆ దిక్కునుండి లేచిన హాహాకారమును వర్ణించుటకు నాకు నోరు చాలదు. గాయకబృందమునకు పెద్దదిక్కైన రోజారాణి గది తలుపుకడకు పరుగెత్తి వచ్చి, "పెద్దయ్యా! మమ్ములను ఉడుకబెడుతవా ఏంది?" అని అరచెను.

నాలుగింటిని వెనుకకు వేయబోయి అహరోను వేరు నాలుగింటిని వేసెను. దానితో ఏమేమి జరిగెనో ఈనాటికిని పూర్తిగా తెలియదు.

ప్రేమ్‌సాగరుని సహనము తెగెను. "జరుగు కాకా! ఇదంత ఎందుకు, మెయినే బంద్ చేస్త!" అని గోడమూలనున్న మెయిన్ స్విచ్ పిడిని రెండు చేతుల పట్టి దభాలున క్రిందికి లాగెను.

ప్రళయానంతర నిశ్శబ్దము వంటి నిశ్శబ్దము వ్యాపించెను. పంకాలు ఒక్కటొక్కటే నిదురించెను. మోటారు మూల్గి ఆగెను. నక్షత్రము ఆరెను. గాలి కదలుట మానెను. రెండువందలమంది నుదుళ్లమీద ఒకేసారి చెమట పుట్టెను.

ఆ సమస్త సృష్టిలో ఒక్కటి మాత్రము ఆగలేదు. వేదిక మీది ఆ పంకా. అది మునుపటికన్న హుషారుగా తిరుగుచుండెను. ఏలయన అది ఇన్వర్టరుమీద నడచునది. ఇన్వర్టరో, ఒకసారి బ్యాటరీ దొంగలపాలైన నాటినుండి ఇనుపజాలి పంజరమున తాళమువేసి ఉండెను. తాళపుచెవి వాచ్‌మన్ మొలత్రాటికి ఉండెను. వాచ్‌మన్ ఐసుగడ్డలకై మంచిర్యాలకు పోయి ఉండెను.

"నీకు ఎర్కనే లేదు!" అని ప్రేమ్‌సాగరుడు అహరోను ముఖముమీదనే అనెను. "ఏ స్విచ్ దేనిదో నీకు సుత ఎర్కలేదు కాకా! గిన్ని రోజులు మమ్ముల బెదిరిచ్చుకుంట వచ్చినవ్. ఇయ్యాల నా బిడ్డ గాడ ఏడుస్తాంది!"

టెస్టరు పట్టిన అహరోను చేయి క్రిందికి వ్రాలెను. ఎన్ని పైకప్పులెక్కినను, ఎన్ని షాకులు తగిలినను చలింపని ఆ వీరుడు ఆ ఒక్క మాటకు కుర్చీలో కూలబడెను.

క్యాథరిన్ వారి నడుమకు వచ్చి నిలిచెను. "అంకుల్, జర మీరు బయట ఉండుండ్రి. మెయిన్‌ను మాత్రం ముట్టకుండ్రి. మల్ల నేను పిలుస్త."

"గీ ఉక్కల ఎంతసేపుంటరు బిడ్డా జనం?"

"ఏంజెల్ ఉంటాంది కదా. మనమెందుకు ఉండలేం?"

ప్రేమ్‌సాగరుడు నుదురు తుడుచుకొనెను. బయటకు పోయెను. ఆమె తలుపు దగ్గరగా వేసి, తాత ముందు మోకాళ్లమీద కూర్చుండెను.

"తాతా. నిజం చెప్పు. యాదికి లేదా?"

అతడు తలవంచి తన చెప్పులవైపు చూచెను. పిదప, కమిటీ ముందర గర్జించిన ఆ గొంతే, ప్రక్కగదికి కూడ వినబడనంత మెల్లగా పలికెను.

"లేదు బిడ్డా. రెండేండ్ల సంది లేదు. ఆదివారం ఆదివారం ఎట్లున్నయి గట్లనే ఉంచి, మెయిన్ ఏసుడు, మెయిన్ తీసుడు, గంతే చేస్తాన. ఇన్వర్టర్ వాచ్‌మనే బంద్ చేస్తడు. ఎవలన్న ఒక్కటి బంద్ చెయ్యమంటె పానం జల్లుమంటది. అన్ని నేనే ఏసిన. ఎందుకేసిననో ఇప్పుడు నాకే సమజైతలేదు. అయి ఎట్లన్న పోనీ. గా పంకా ఎవలిదో ఎర్కేనా? మీ అమ్మమ్మ దెబోరా పేరు మీద నేనిచ్చిన పంకా. నా పెండ్లాం పంకాకు స్విచ్ ఏడున్నదో నాకే ఎర్కలేదని నలుగురి ముందట ఎట్ల చెప్పాలె?"

క్యాథరిన్ అతని చేతిని పట్టుకొనెను. ఆమెకు జాలి కలిగినది నిజమే, కాని జాలికన్న ముందు ఆమెకు తన ఆఫీసు జ్ఞప్తికి వచ్చెను.

"మా ఆఫీసుల మస్తుమంది గిట్లనే ఉంటరు తాతా. వాళ్లు రాసిందే వాళ్లకు సమజ్‌గాదు. నేను పోయి అడిగితె కోపానికొస్తరు. నువ్వు జర నయం, నిజం చెప్పినవ్."

"మరి ఏం చేస్తవ్ గప్పుడు?"

"అంత ఒక్కపారే సమజ్ చేసుకోవాలని చూడం. అక్కరలేనియన్ని పక్కకు పెడతం. మిగిలింది చూస్తం." ఆమె బోర్డువైపు తిరిగి చూచెను. "ప్రేమ్‌సాగర్ అంకుల్ కోపంల మనకు మంచి పనే చేసిండు. మెయిన్ బంద్ అయ్యింది. అంటే దీంట్ల చానమటుకు సచ్చినట్టే. ఇంక నడుస్తున్నయి ఇన్వర్టర్ మీదియే. ఇన్వర్టర్ మీద ఏమేమి ఏసినవ్?"

"యాదికి లేదంటి గద."

"స్విచ్చులు యాది చేసుకోకు. ఇన్వర్టర్ వచ్చిన రోజు యాది చేసుకో. ఎందుకు తెచ్చినవ్?"

అహరోను కన్నులు మూసికొనెను. స్విచ్చులను అడిగినప్పుడు చీకటి తప్ప కానరాని ఆ మనస్సున, దినమును అడుగగానే దీపము వెలిగెను.

"పాత అయ్యగారు ప్రసంగం చెప్పుకుంట చెప్పుకుంట పడిపోయిండు. ఎండకాలం. కరెంటు పోయింది. అందరం మోసుకపోయి వేపచెట్టు కింద పండవెట్టినం. మీ అమ్మమ్మ నీళ్లు కొట్టింది మొకం మీద. గప్పుడు తెచ్చినం ఇన్వర్టర్. అయ్యగారి దిక్కు ఉన్నయే ఏసిన. పంకా, లైటు, గా మైకు. ఇంకోటేదో..." అతని కన్నులు తెరచుకొనెను. "పచ్చ వైరు!"

"ఏంది?"

"దుకాణంల ఎర్ర వైరు ఐపోయింది. నేను లొల్లి వెట్టిన. ఆఖరుకు పచ్చదే తెచ్చిన. ఈ బోర్డుల పచ్చ వైరు ఇన్వర్టర్‌కు తప్ప ఇంక దేనికీ ఏయలే. ఎన్నడు ఏయలే!"

వృద్ధసింహము లేచెను. చెక్కపీటను లాగి దానిమీద నిలిచెను. టెస్టరుతో మరలను విప్పెను. మూత తొలగగానే లోపలి అరణ్యము బయటపడెను. ఎఱ్ఱతీగలు, నల్లతీగలు, పసుపుతీగలు ఒకదానినొకటి పెనవేసికొని, ముడిపడి, సాలెగూళ్లను, ఎండిన బల్లిని తమలో ఇముడ్చుకొని భయంకరముగ తోచెను. చూచినవారికి తల తిరుగును. కాని వారు అరణ్యమును చూడలేదు. పచ్చని తీగలను మాత్రమే చూచిరి. అవి నాలుగు.

"ఇక బయట ఎవలన్న చూసి చెప్పాలె" అని క్యాథరిన్ తలుపు తెరచెను. గుమ్మమునందు చీరకొంగుతో విసురుకొనుచు రోజారాణి నిలిచి ఉండెను.

"అక్కా, నువ్వు పంకాను చూసుకుంట ఉండు. ఏది మారినా నాకు చెప్పు. ఒక్కటొక్కటే వేస్తం. రెండు ఒక్కపారి వెయ్యం."

"జల్ది కానియ్యిండ్రి. గాడ పోచవ్వ మల్ల షురు చేసింది."

మొదటి పచ్చతీగ స్విచ్‌ను అహరోను నొక్కెను.

"లైటు పోయింది! అయ్యగారి లైటు!" అని రోజారాణి కేక వేసెను. దానిని మరల వేసిరి.

రెండవది నొక్కెను. అంతవరకు మూగగా నున్న మైకు ప్రాణము పోసికొనెను. ఆ క్షణమున జేమ్స్ అయ్యగారు వరుని చెవిలో రహస్యముగా పలుకుచుండిరి. ఆ రహస్యము నాలుగు స్పీకర్లలో మ్రోగి, కాలనీ చివరి క్వార్టరు వరకు పోయెను. "...బనియను సుత తడిసింది బాబూ, ఇంక నాతోని కాదు..."

సభ గొల్లున నవ్వెను. ఆ నవ్వుతో పోచవ్వ పుట్టించిన కీడు సగము చచ్చెను. ఏంజెల్ కూడ, కన్నీటి నడుమనే, నవ్వెను.

మూడవది నొక్కిరి. "ఏం కాలే!" అనెను రోజారాణి. మరొకసారి నొక్కిరి. "ఏం కాలే!"

నాలుగవది మిగిలెను. అహరోను దానిమీద వ్రేలు ఉంచి ఒక క్షణము ఆగెను. తరువాత నొక్కెను.

"తిరుగుతాంది!" అని రోజారాణి ఏడ్పుగొంతుతో అరచెను. "ఇంక తిరుగుతనే ఉన్నది!"

క్యాథరిన్ చివ్వున తలెత్తెను. లెక్క ఎక్కడ తప్పెను? పచ్చతీగ వేరొకటి దాగి ఉన్నదా? ఆమె తీగల లోనికి వంగి వెదకబోవుచుండగా, అహరోను చేయెత్తి ఆపెను. నెల దినముల తరువాత మొట్టమొదటిసారిగా అతని గొంతున పాత ఠీవి వినబడెను.

"ఆగు బిడ్డా. పరేషాన్ కాకు. పంకా మనిషి లెక్కనే ఉంటది, ఆగుమంటె ఎంబడే ఆగదు. జర సేపు సూడుమను."

సభ అంతయు మెడలెత్తి చూచెను. అయ్యగారు చూచిరి. గాయకబృందము చూచెను. గుమ్మముకడ తడిసిన జోళ్లను ఎండబెట్టుకొనుచున్న వారును లోనికి తొంగిచూచిరి. తిరుగుచున్న తెల్లని వలయము క్రమముగా రెక్కలుగా విడివడెను. రెక్కలమీద మసకగా నున్న అక్షరములు కనబడసాగెను. ఒక్కొక్క చుట్టునకు ఒక్కొక్క అక్షరము నిలువసాగెను. ఎవరో చిన్నగొంతుతో చదివిరి: "దె... బో... రా..." ఆ పేరు వేదికపైన నెమ్మదిగా ఒకసారి తిరిగి, వత్తికి ఎదురుగా వచ్చి, నిలిచిపోయెను.

"ఆగింది!" అని రోజారాణి వేసిన కేకకు పైకప్పు రేకులు అదరెను.

జోయల్ అగ్గిపుల్ల గీసెను. ఏంజెల్ అతని చేతిమీద తన చేయి వేసెను. జ్వాల వత్తిని తాకెను. వత్తి ఒక క్షణము ఆలోచించి, అంటుకొని, నిటారుగ, నిశ్చలముగ, గంభీరముగ వెలిగెను. అంతట లేచిన చప్పట్ల ధ్వని, ఈలల ధ్వని, స్త్రీల స్తోత్రధ్వనులు కలిసి గోదావరి ఆవలి గట్టువరకు వ్యాపించెనని, ఆ గట్టునుండి ఎవరును వచ్చి కాదనలేదు గనుక, నేను చెప్పుచున్నాను. గదిలో అహరోను గోడను పట్టుకొని నిలిచి ఉండెను. క్యాథరిన్ అతని మోచేతిని పట్టుకొనెను.

మెయిన్ మరల వేసి, తప్పునొక్కిన స్విచ్చులను అదే రీతిన ఒక్కటొక్కటే వెదకి సరిచేసిరి. హాలు పంకాలు తిరిగెను. జనులు ప్రాణములు కూడదీసికొనిరి. ఇక అయ్యగారికి గాలి కావలెను గనుక, ఆ నాలుగవ స్విచ్‌ను మరల నొక్కిరి.

పంకా తిరుగలేదు.

రెండుసార్లు నొక్కిరి, నాలుగుసార్లు నొక్కిరి. తట్టిరి. బ్రతిమాలిరి. అది కదలలేదు. "స్విచ్ సచ్చింది" అని అహరోను నిర్ధారించెను. "ఆఖరు పారి నొక్కుడు మన చేత్తోనే రాసున్నదేమో."

ఇచ్చట శ్రోతలు ఒక విషయము తెలిసికొనవలెను. జేమ్స్ అయ్యగారు పరమ సాధువు, ప్రేమమూర్తి. కాని పెండ్లి ప్రసంగమునకు దిగిరా, ఏదెను తోటలో మొదలిడి, జలప్రళయమును దాటి, ఎడారిలో ఇశ్రాయేలీయులతోపాటు తామును తిరిగి తిరిగి, భోజనముల వేళ దాటిన పిమ్మటగాని పెండ్లి కథయగు కానా ఊరి విందునకు చేరరు. ఆనాడు వారు తెల్లని నిలువుటంగీలో, నిశ్చలమైన పంకా క్రింద నిలిచి, పైకి చూచిరి. కాగితముల కట్టను చూచిరి. మరల పైకి చూచిరి.

"ఒకరినొకరు మంచిగ చూసుకోండి" అనిరి. కొంచెము ఆలోచించి, "ఎండకు పిల్లను బయట తిప్పకు జోయల్" అనిరి. ఆశీర్వదించి కాగితములను మడిచిరి.

సభ కొంతసేపు నమ్మలేకపోయెను. పిదప ముందువరుసనుండి పోచవ్వ లేచి, ఎవరిచెవిలోను గాక అందరికిని వినబడునట్లు తీర్పు చెప్పెను.

"మా ఇంట్ల గిన్ని పెండ్లిళ్లయినయి గని, గిసొంటి మంచి పెండ్లి ఎన్నడు సూడలే! బువ్వ యాళ్లకు ఇడిసిపెట్టిండు అయ్యగారు. ఈ పిల్ల అడుగు వెట్టిన యాళ్ల మంచిది!"

ఇట్లు కీడు మేలై, ఆ మేలు బిర్యానీ పందిరివైపు పరుగెత్తెను.

అందరును తినుచుండగా ప్రేమ్‌సాగరుడు ఒక నిండు పళ్లెమును చేతబట్టి గదికి వచ్చెను. అహరోను బోర్డుమూతకు మరలు బిగించుచుండెను. ప్రేమ్‌సాగరుడు పళ్లెమును ఏచోట ఉంచవలెనో తెలియనట్లు నిలిచి, కడకు అనెను.

"కాకా. గప్పుడు నేనట్ల అనకుంట ఉండాల్సింది. నా బిడ్డ ఏడుస్తాంటె నోరు జారిన."

"నువ్వు అన్నది నిజమే బిడ్డా." అహరోను టెస్టరును జేబులో పెట్టుకొనెను. మీసము సవరింపలేదు. "నాకు ఎర్కలేదు. గీ బోర్డును మార్పించు. నేనే చెప్తాన. కమిటీల నేనే చేయెత్తుత."

కమిటీలో ఎన్నడును మాటలు తడబడని ప్రేమ్‌సాగరునకు ఆ క్షణమున మాటలు తడబడెను. "నువ్వు గట్లంటె... అగో... మరి నువ్వు లేకుంట ఎట్ల మార్పిస్తం కాకా? కొత్తోళ్లు వస్తె ఏది ఏడికి పోయిందో ఎవలు చెప్తరు?"

"వైర్లు నాకు యాదికి లేవు. నేను రోజులు చెప్త. గా రోజుల్ల ఏం దొరుకుతదో ఈ పిల్ల ఎతుకుతది" అని అహరోను మనుమరాలివైపు తల ఊపెను.

"కని రిమోటు ఒద్దంకుల్" అనెను క్యాథరిన్. "ఒక వరుసకు ఒక్క స్విచ్. పక్కకు పేరు. సాలు."

"దాతలు ఊకుంటరా బిడ్డా? మా బాపు స్విచ్ ఏదని ఒక్కొక్కలు మీదికి రారూ?"

"పంకాల మీద పేర్లున్నయి కదా. స్విచ్చుకు సుత పేరెందుకు?" అనెను అహరోను. తానే ఆ స్విచ్చులన్నింటిని పెట్టినవాడన్న సంగతి మరచినట్లు, పళ్లెములోని ముక్కను చేతబట్టి నమలసాగెను. ప్రేమ్‌సాగరుడు మొదట మెల్లగా, పిదప మైకువలె నవ్వెను. తాను కూడ అదే పళ్లెమున చేయి పెట్టెను.

ఇట్లు సూర్యుని ఉగ్రతను సహించి, స్విచ్చుల అరణ్యమును చీల్చి, పచ్చతీగల జాడ పట్టి, నస్పూరు వీరులు ఒకానొక గురువారమున ఒక్క పంకాను ఒక్కసారి ఆపిరి. ఒక్క మైనపువత్తిని వెలిగించిరి. ఇంతకు మించిన విజయమేదియు ఆనాడు ఆ పట్టణమున నమోదు కాలేదని రూఢిగా చెప్పుచున్నాను.

ఈ కథను విన్నవారికిని, వినుచు కునికిపాట్లు పడినవారికిని, చుట్టములింట దిగినప్పుడు చీకటిలో గోడను తడుముచు పోవువారికిని, మొదటి స్విచ్ నొక్కగానే తాము కోరిన లైటే వెలుగునుగాక! పొరపాటున ఫ్యాను తిరిగినను, ఇంటివారు మేల్కొనకుందురుగాక!